పొలుసు, అంటు, కుష్ఠు

నిజాంసాగర్ చేప బాన్సువాడ బజారుకొచ్చాక ముందు జరిగే పని పొలుసు తీయడం. రవ్వయినా బొచ్చయినా తోక దగ్గర మొదలుపెట్టి తల వైపుకు కత్తితో ఎదురు గీకుతారు. పొలుసు ఎగిరి గీకేవాళ్ల చేతుల మీద, గంప అంచు మీద, కొనేవాళ్ల చెప్పుల మీద పడి అతుక్కుంటుంది. ఎండిందంటే పలచగా, తెల్లగా, గోరు ముక్కలా ఉంటుంది. ఈ పొలుసును గ్రీకులు ‘లెపిస్’ అన్నారు. చెక్కు తీయడానికి, తొక్క ఒలవడానికి వాళ్ల క్రియ ‘లెపో’. పొలుసులు లేచి గరుకుగా ఉన్నది ‘లెప్రోస్’. ఒంటి మీద అలా లేస్తే ఆ బాధ ‘లెప్రా’. తెలుగు బైబిల్లో కుష్ఠు అని మనం చదువుకునే చోటల్లా గ్రీకు సువార్తల్లో ఉన్నది ఈ లెప్రాయే.

మాట ఎక్కడ పుట్టిందో చెప్పినంత మాత్రాన దాని అర్థం తేలిపోదు. ‘కుశలుడు’ అంటే దర్భలు కోసేవాడని పండితులు చెబుతారు, మనమెవరమూ ఆ అర్థంలో వాడం. కానీ లెప్రా విషయంలో గ్రీకు వైద్యులు పుట్టుకను మరిచిపోలేదు. హిప్పొక్రాటిస్ పేరు మీద నిలిచిన గ్రంథాల్లో ఈ మాట దురద, చిడుము, తామరలాంటి వాటి పక్కనే కనిపిస్తుంది. అక్కడే ‘సోరా’ అనే మాట కూడా ఉంది, నేటి సోరియాసిస్‌కు అదే మూలం. ఆ గ్రంథాల్లో ఒకటి ఇవన్నీ జబ్బులనడం కంటే రూపానికొచ్చిన వికారాలనడం సబబని తేల్చేసింది. వేళ్లు పోవడం, ముక్కు కుంగడం, కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవడం లాంటి ఊసు లెప్రా దగ్గర ఎక్కడా లేదు.

కొత్త నిబంధనలోనే ఈ కుటుంబానికి చెందిన ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. దమస్కులో చూపు పోయి కూర్చున్న సౌలుకు మళ్లీ చూపు వచ్చినప్పుడు అతని కళ్ల నుంచి రాలినవి ‘లెపిదెస్’ లాంటివని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చెబుతుంది. లెపిదెస్ అంటే లెపిస్‌కు బహువచనం, పొలుసులు. తెలుగు అనువాదకులు అక్కడ ‘పొరలు’ అన్నారు, చక్కగా కుదిరింది. గ్రీకు వినేవాడికి సౌలు కంటిపొర, గలిలయలో యేసు ముట్టిన మనిషి ఒంటి మచ్చ ఒకే ధాతువు బిడ్డలు. తెలుగులో ఒకటి పొర అయింది, ఇంకొకటి కుష్ఠు అయింది. చుట్టరికం తెగిపోయింది.

అసలు లెప్రా బైబిల్లోకి వచ్చింది సువార్తలతో కాదు. క్రీస్తుకు ముందు 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలోని యూదులు మోషే పంచకాండాలను గ్రీకులోకి తెచ్చుకున్నారు. లేవీయకాండము 13, 14 అధ్యాయాల్లో హీబ్రూ మాట ‘సారాఅత్’. దానికి వాళ్లు ఎంచుకున్నది లెప్రా. ఆ అధ్యాయాలు ఒక్కసారి నింపాదిగా చదివితే, సారాఅత్ ఏ ఒక్క రోగానికీ పేరు కాదని తెలిసిపోతుంది. వాపు, చెక్కు, నిగనిగలాడే మచ్చ కనిపిస్తే యాజకుడి దగ్గరికి తీసుకురావాలి. మచ్చలోని వెంట్రుక తెల్లబడిందా, మచ్చ చర్మం కంటే లోతుగా ఉందా అని అతను చూస్తాడు. తేలకపోతే ఏడు రోజులు వేరుగా ఉంచి మళ్లీ చూస్తాడు. తలలో, గడ్డంలో వచ్చేదానికి వేరే లెక్క. ఒళ్లంతా తెల్లబడిపోతే మాత్రం విచిత్రంగా అతన్ని శుద్ధుడనే అంటారు, పచ్చి మాంసం కనబడితేనే అశుద్ధం. అంటుకునే జబ్బుకు భయపడి రాసిన నియమమైతే ఇలా ఉండదు.

ఇంకా ముందుకు వెళ్తే ఉన్నిబట్టకు, నారబట్టకు, తోలుకు కూడా సారాఅత్ వస్తుంది. పచ్చగానో ఎర్రగానో మరక పడితే ఉతికి చూడాలి, మరక పోకపోతే కాల్చేయాలి. ఇంటి గోడకూ వస్తుంది. గోడలో పచ్చని, ఎర్రని పల్లాలు కనిపిస్తే ఇల్లు ఏడు రోజులు మూయాలి, ఆ రాళ్లు పీకి ఊరి బయట పారేయాలి, లోపలంతా గీకించి కొత్త అడుసు పూయించాలి, మళ్లీ వస్తే ఇల్లు పడగొట్టాలి. గోడకు కుష్ఠు ఏమిటని బడి పిల్లవాడైనా అడుగుతాడు. కాలువ కింద పొలాల మధ్య ఉన్న ఇళ్లలో వానాకాలం గోడలకు చెమ్మెక్కి, బూజు పట్టి, పెచ్చులు పెచ్చులుగా ఊడటం చూసినవాళ్లకు మాత్రం ఆ వర్ణన కొత్తేమీ కాదు. ఈ ‘పెచ్చు’ గమనించదగ్గ మాట. తెలుగులో గోడకూ పెచ్చులు లేస్తాయి, ఒంటికీ పెచ్చులు లేస్తాయి. హీబ్రూ మాట చేసిన పని చేయగల మాట మనకు వీధిలోనే ఉంది.

అదే లేవీయకాండములో గ్రీకు అనువాదకులు ఇంకో ముఖ్యమైన మాట వాడారు. హీబ్రూలో ఒట్టి సారాఅత్ కాదు, ‘నెగా సారాఅత్’ అని ఉంటుంది. నెగా తాకడం అనే క్రియలోంచి వచ్చింది, తాకిడి, దెబ్బ. ఆ అనువాదకులు దీన్ని ‘హఫే లెప్రాస్’ అన్నారు. హఫే అంటే కూడా తాకడమే. మన పాత అనువాదం దీన్ని ‘కుష్ఠుపొడ’ అంది. పొడ మంచి తెలుగు మాటే, కంటికి కనిపించే మచ్చను బాగా చూపిస్తుంది. కానీ తాకడం అన్న భావం జారిపోయింది. తెలుగులో ఆ భావాన్ని పట్టుకున్న మాట ఒకటుంది, అంటు. అంటుకోవడం, అంటురోగం, అంటు కలవడం, అంటరానితనం, అన్నీ ఆ ఒక్క మాటలోంచే. తాకడం, సోకడం, మైలపడటం ఈ మూడూ గ్రీకులో మూడు చోట్ల వెతుక్కోవాలి. తెలుగులో ఒక్కచోటే దొరుకుతాయి.

మైల అన్నాను కాబట్టి ఆ అధ్యాయాలు ఎక్కడ కూర్చున్నాయో చూడాలి. 12వ అధ్యాయం పురిటి మైల గురించి. 15వ అధ్యాయం ముట్టు గురించి, ఒంటి స్రావాల గురించి. ఆ రెండింటి మధ్య సారాఅత్. అది తగిలినవాడు బట్టలు చింపుకోవాలి, జుట్టు విరబోసుకోవాలి, పైపెదవి కప్పుకోవాలి, పాళెం బయట ఉండాలి. అవి సంతాపంలో ఉన్నవాడి గుర్తులు, అంటే చావు మైల. మోషే అక్క మిర్యాముకు ఇది తగిలినప్పుడు అహరోను ఆమెను చచ్చి పుట్టిన బిడ్డతో పోల్చాడు. పురుడు, ముట్టు, చావు మన ఇళ్లలోనూ మైల లెక్కలోకి వచ్చే మూడే. లండన్‌లో కూర్చుని చదివేవాడికి ఈ అధ్యాయాలు వైద్యశాస్త్రపు పాత పుస్తకంలా కనిపిస్తాయి. పదకొండో రోజు శుద్ధి తెలిసిన ఊళ్లో చదివితే అవి వైద్యం కాదని వెంటనే తెలుస్తుంది. యాజకుడు మందు ఇవ్వడు. మచ్చ మానిందని తేలాకే రెండు పిట్టలు, దేవదారు కర్ర, ఎర్రనూలు, హిస్సోపు తెప్పించి శుద్ధి చేస్తాడు. మానడం ఒకటి, మైల తీరడం ఒకటి.

సువార్తల్లోకి వస్తే లెప్రా అనే మాట మొత్తం నాలుగుసార్లు, లెప్రోస్ తొమ్మిదిసార్లు కనిపిస్తాయి, అన్నీ మత్తయి, మార్కు, లూకాల్లోనే. యోహానులో లేదు, పౌలు పత్రికల్లో లేదు. ‘పాపమనే కుష్ఠు’ అని మన ప్రసంగాల్లో వినని ఆదివారం అరుదు, కానీ కొత్త నిబంధన ఒక్కచోట కూడా లెప్రాను పాపానికి ఉపమానం చేయలేదు. ఆ పోలిక తర్వాతివాళ్లది.

మార్కు మొదటి అధ్యాయంలో ఒకడు వచ్చి మోకరించి అడిగేది తనను బాగు చేయమని కాదు. శుద్ధుణ్ణి చేయమని. గ్రీకు క్రియ ‘కథరీజో’, కడగడం, మైల తీయడం. బాగు చేయడానికి ‘ఇయావొమై’ అనే వేరే క్రియ ఉంది. యేసు చేయి చాపి అతన్ని ముట్టాడు అన్నచోట ఉన్నది ‘హేప్సతో’ రూపం, లేవీయకాండపు హఫేకు సొంత అక్కచెల్లెలు. అంటు తగిలినవాణ్ణి అంటడం. అంటు అటు నుంచి ఇటు రావాలి, ఇక్కడ ఇటు నుంచి శుద్ధి అటు వెళ్లింది. తెలుగులో ‘ముట్టి’ అని ఉంది, అదీ బాగుంది. ఇదే చోట ఒక చిన్న తిరకాసు కూడా ఉంది. ఎక్కువ ప్రతుల్లో యేసు ‘కనికరపడి’ అని ఉంటే, బేజా పేరుతో పిలిచే పాత ప్రతిలో ‘కోపించి’ అని ఉంది. ఎవరి మీద కోపం అన్న ప్రశ్నకు పండితుల జవాబులు చాలా ఉన్నాయి. మైల పేరుతో ఆ మనిషిని బయట నిలబెట్టిన పద్ధతి మీద అన్న జవాబే నాకు నచ్చుతుంది, రుజువు చేయమంటే చేయలేను.

లూకా 17లో పదిమంది కథ ఈ రెండు క్రియల తేడాకు ఇంకా మంచి సాక్ష్యం. పదిమందీ యాజకుల దగ్గరికి వెళ్తూ దారిలో శుద్ధులయ్యారు, అక్కడ కథరీజో. వాళ్లలో ఒకడు తనకు బాగైందని చూసుకుని వెనక్కి వచ్చాడు, అక్కడ ఇయావొమై. ఆ ఒక్కడు సమరయుడు. యెరూషలేము యాజకుడి శుద్ధిపత్రం వాడికి ఎందుకూ పనికిరాదు, వాడు తన ఒంటినే చూసుకున్నాడు. లూకా క్రియ మార్చింది ఊరికే కాదని నా నమ్మకం.

ఇక ఇదంతా చర్మం మీది పొలుసు, మైల అయితే, ఇప్పుడు మనం కుష్ఠు అంటున్న జబ్బును గ్రీకులు ఏమన్నారు? వాళ్లకది తెలుసు, కాస్త ఆలస్యంగా తెలిసింది. దాన్ని వాళ్లు లెప్రా అనలేదు, ‘ఎలెఫాస్’ అన్నారు, ఏనుగు. చర్మం దళసరిగా, ముడతలు పడి, ఏనుగు తోలులా మారడం చూసి పెట్టిన పేరు. కప్పదోకియ వైద్యుడు అరెటాయస్ ఆ జబ్బును, అది ఉన్నవాణ్ణి సొంతవాళ్లే దూరం పెట్టడాన్ని గుండె పట్టుకునేలా వర్ణించాడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ దీన్ని ఇటలీలో దాదాపు ఎరగరని రాశాడు. అంటే లూకా కాలానికి గ్రీకు వైద్యుడి చేతిలో రెండు పేర్లు వేర్వేరుగా ఉన్నాయి. వైద్యుడని పేరున్న లూకా రాసింది లెప్రా అని, ఎలెఫాస్ అని కాదు.

తారుమారు ఎక్కడైందంటే, అరబ్బీ దాటి లాటిన్‌లోకి వచ్చేటప్పుడు. అరబ్బు వైద్యులు ఈ భయంకరమైన జబ్బును ‘జుజామ్’ అన్నారు, తెల్లమచ్చలను ‘బరస్’ అన్నారు, కాలు లావెక్కే జబ్బుకు ‘దా అల్ ఫీల్’, ఏనుగు రోగం అని పేరు పెట్టారు. 11వ శతాబ్దంలో ఆఫ్రికా నుంచి ఇటలీ చేరి మాంటె కసీనో మఠంలో స్థిరపడిన కాన్‌స్టంటైన్ అరబ్బీ వైద్య గ్రంథాలను లాటిన్‌లోకి తెస్తూ జుజామ్‌కు లెప్రా అని రాశాడు. ఏనుగు పేరేమో కాలి జబ్బుకు పోయింది. అప్పటి నుంచి యూరప్‌కు బైబిల్లోని లెప్రా, ఊరి బయట గుడిసెలో ఉన్న రోగి ఒక్కటైపోయారు. అరబ్బీ బైబిల్ మాత్రం సువార్తల్లో ఇప్పటికీ ‘అబ్రస్’ అంటుంది, ఖురాన్‌లో ఈసా బాగుచేసినవాడూ అబ్రసే. అది మన బొల్లికి దగ్గర. ఉర్దూ బైబిల్‌లో మళ్లీ ‘కోఢీ’ అయింది. బాన్సువాడలాంటి ఊళ్లో ఒకే వీధిలో అరబ్బీ చదివే ఇల్లు, ఉర్దూ మాట్లాడే ఇల్లు, తెలుగు బైబిల్ ఉన్న ఇల్లు ఉండొచ్చు. మూడిళ్లలో ఒకే మనిషికి మూడు పేర్లు, రెండు జబ్బులు.

ఏనుగు పేరు పట్టుకుపోయిన కాలి జబ్బు మన బోదకాలు. దానికి మందైన హెట్రజాన్ 1940లలో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో వచ్చింది. ఆ పరిశోధనను నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. గ్రీకులు ఒక జబ్బుకు పెట్టిన పేరు ఇంకో జబ్బుకు మారితే, ఆ ఇంకో జబ్బుకు మందు తెలుగువాడి చేతి మీదుగా వచ్చింది. విషయానికి కొంచెం దూరమే అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు కుష్ఠు దగ్గరికి వద్దాం. విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు ఆనందరాయరు అనే పండితుడి సాయంతో సువార్తలను తెలుగు చేశారు, వాటిలో మూడు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత ఎన్నో చేతులు మారి, ఎన్నో సవరణలు జరిగినా మన బైబిల్లో నిలిచిన మాట కుష్ఠే. ఇంగ్లీషు ‘లెప్రసీ’ని చూసి పెట్టిన మాటని దీన్ని తీసిపారేయడం తేలిక. కానీ కుష్ఠం ఆనాడు ఎంత వెడల్పు మాటో తెలిస్తే అలా అనబుద్ధి కాదు.

చరకుడి లెక్కలో కుష్ఠాలు 18. అందులో ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు. ఆ పదకొండులో దద్రువు ఉంది, అంటే తామర. పామ ఉంది, అంటే గజ్జి. విచర్చిక ఉంది. అరికాళ్లు పగిలే విపాదిక ఉంది. గరుకుగా నల్లబడే కిటిభం ఉంది. చేప పొలుసులా చర్మం లేచే ఏకకుష్ఠం ఉంది, దాని వర్ణనలో చరకుడు వాడిన పోలిక చేపదే! లెపిస్ అన్న గ్రీకువాడూ, మత్స్యశకలం అన్న మన వైద్యుడూ ఒకే బుట్టలో చెయ్యి పెట్టారు. స్పర్శ పోవడం, అవయవాలు రాలడం కూడా కుష్ఠంలో ఒక మూలన ఉన్నాయి. అయితే అదొక్కటే కుష్ఠం కాదు. పట్టించుకోకపోతే పోనుపోను ఒళ్లంతా చెరిచేది కాబట్టి కుష్ఠమని వాగ్భటుడు వ్యుత్పత్తి చెప్పాడు. అంటే పాత అర్థంలో కుష్ఠం ఎంత వెడల్పో లెప్రా అంతే వెడల్పు. ఆనందరాయరు కాలానికి ఆయుర్వేదం చదివిన చెవికి ఇంతకంటే మంచి మాట లేదు. ఇంగ్లీషు అనువాదకుడి కంటే తెలుగు పండితుడే గ్రీకుకు దగ్గరగా వెళ్లాడు.

కుష్ఠం ఒక మొక్క పేరు కూడా. అథర్వవేదంలో జ్వరాన్ని తరిమే మూలిక అది, మన పచారీ కొట్లో చంగల్వకోష్టు. ఈ మాటను గ్రీకులే ‘కోస్తోస్’గా అప్పు తీసుకున్నారు. ఎర్ర సముద్రం మీదుగా వచ్చే ఓడల సరుకుల పట్టికలో అది ఉంది. రోగం పేరుగా కుష్ఠాన్ని మనం వాళ్ల లెప్రాకు ఇస్తే, మందు పేరుగా అదే మాటను వాళ్లు మన దగ్గర కొనుక్కుపోయారు.

మరి మంచి మాట ఎందుకు చెడింది? మాట మారలేదు, దాని చుట్టూ ఉన్న వెడల్పు పోయింది. 1873లో నార్వేలో హాన్సెన్ ఒక బాసిలస్‌ను చూశాడు. జబ్బు ఒక్కటని, దానికి కారణం ఒక్కటని తేలింది. వెడల్పాటి లెప్రా, వెడల్పాటి కుష్ఠం రెండూ ఆ ఒక్క జబ్బు మీదికి కుంచించుకుపోయాయి. తామర తామరయింది, గజ్జి గజ్జయింది, సోరియాసిస్ ఇంగ్లీషు పేరుతోనే ఇంట్లోకొచ్చింది. మిగిలింది ఊళ్లో పెద్దరోగం అని గొంతు తగ్గించి చెప్పేది ఒక్కటే.

బాన్సువాడ ఉన్న పాత నిజామాబాద్ జిల్లాలో ఈ కుదింపు ఒక ఆసుపత్రి రూపంలో నిలబడి ఉంది. స్కాట్లాండ్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ అబర్దీన్‌లో వైద్యం చదివి, 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చింది. కుష్ఠు ఉన్నవాళ్లకు వైద్యం చేసే చోటే లేదని చూసి నిజామాబాద్‌లో పని మొదలుపెట్టింది. చోటు చాలలేదు. నర్సాగౌడ్ అనే హిందూ దాత డబ్బిచ్చాడు. 1915లో డిచ్‌పల్లి దగ్గర విక్టోరియా ఆసుపత్రి లేచింది. చాల్మోగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించడం ఆనాటి వైద్యం. ఆ నూనెను సుశ్రుతుడు ‘తువరకం’ అన్న పేరుతో ఎప్పుడో చెప్పి ఉన్నాడు. 1923లో కెర్ దంపతులకు కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది, ఇసబెల్ 1932లో కన్నుమూసింది. అక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లో తర్వాత నైజీరియా వెళ్లి డాప్సోన్ మాత్రను తక్కువ మోతాదులో నోటితో ఇవ్వొచ్చని చూపినవాళ్లలో ఒకడయ్యాడు.

మిషన్ల నాటి ఈ ఆసుపత్రుల వెనుక ఉన్న ప్రేరణల్లో మత్తయి 10వ అధ్యాయం ఆజ్ఞ ఒకటి. రోగులను స్వస్థపరచమని, లెప్రోస్‌లను శుద్ధి చేయమని శిష్యులకు చెప్పిన చోటు. గ్రీకు ఖచ్చితంగా చదివితే ఆ ఆజ్ఞలో రెండో సగం డిచ్‌పల్లికి వర్తించదు. అక్కడి జబ్బు లెప్రా కాదు, వాళ్లు చేసింది కథరీజో కాదు. పదకొండో శతాబ్దపు ఒక మఠంలో జరిగిన తారుమారు లేకపోతే ఇంగ్లండులో చందాలు వేసినవాళ్లకు ఈ రోగులతో సువార్తకున్న సంబంధం తోచి ఉండేది కాదేమో. తప్పు అనువాదం ఒక మంచి ఆసుపత్రిని కట్టింది. ఇది ఒప్పుకోవడానికి భాషాభిమానిగా నాకేమీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది ఇంకోవైపు ఉంది. అదే తప్పు లేవీయకాండపు బట్టలు చింపుకునే నియమాన్ని, పాళెం బయట ఉండే నియమాన్ని తెచ్చి హాన్సెన్ జబ్బు ఉన్నవాళ్ల నెత్తిన పెట్టింది. వాళ్లకు లేని మైలను వాళ్లకు అంటగట్టింది. ఈ ప్రాంతపు చర్చిలున్న మెదక్ డయోసిస్ పరిధిలో క్రైస్తవులు ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లు. అంటు అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మార్కు మొదటి అధ్యాయంలో ముట్టాడు అన్న మాట ఆ వాడల్లో ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. ఆ కథ నిజానికి అంటు కథ. కుష్ఠరోగి అన్న ఒక్క మాట దాన్ని ఆసుపత్రి కథ చేసేసింది, వినేవాడు తనను కాక రోగిని చూసి జాలిపడేలా చేసింది. ఇదే నాకు పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

జబ్బు విషయంలో తేడాను అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊళ్లోకి వచ్చే ఆరోగ్య కార్యకర్త మచ్చను ఎలా చూస్తుందో గమనిస్తే చాలు. రాగిరంగు మచ్చ కనిపిస్తే కళ్లు మూసుకోమంటుంది, పెన్ను మొనతోనో దూదితోనో మెల్లగా ముట్టి, ఎక్కడ ముట్టానో వేలు పెట్టి చూపించమంటుంది. మోచేతి వెనక నరం తాడులా లావెక్కిందేమో నొక్కి చూస్తుంది. లేవీయకాండపు యాజకుడు వెంట్రుకను, రంగును, లోతును కళ్లతో చూశాడే తప్ప ఒక్కసారైనా స్పర్శ తెలుస్తోందా అని అడగలేదు. ఈ జబ్బును పట్టిచ్చే అసలు గుర్తే అక్కడ లేదు. ప్రభుత్వం ఏటా జనవరి 30న చేసే ప్రచారానికి పెట్టుకున్న పేరు కూడా ‘స్పర్శ్’. మచ్చలు తక్కువైతే ఆరు నెలలు, ఎక్కువైతే ఏడాది, ఉచితంగా ఇచ్చే మాత్రలు వేసుకుంటే నయమవుతుంది. 1898 నాటి లెపర్స్ చట్టాన్ని 2016లో రద్దు చేశారు. విడాకులకు కుష్ఠును కారణంగా చూపే నిబంధనలు 2019లో పోయాయి. 1948లో హవానాలో జరిగిన అంతర్జాతీయ మహాసభ ‘లెపర్’ అనే మాటనే వదిలేయమంది. బ్రెజిల్ 1995లో చట్టం చేసి హాన్సెన్ పేరు పెట్టుకుంది. మనం ఇంకా సువార్తల్లో ఆ జబ్బు పేరు చదువుతూనే ఉన్నాం.

మార్చాలంటే ఏం పెట్టాలి? ఇంగ్లీషు కొత్త అనువాదాల్లో కొన్ని లేవీయకాండంలో ‘అశుద్ధపరిచే చర్మవ్యాధి’ అన్న అర్థంలో మార్చి, సువార్తల్లో పాత మాటే ఉంచాయి. ఇది నాకు నచ్చదు. లూకా 4లో యేసు పాత నిబంధనలో శుద్ధుడైన నయమాను పేరెత్తాడు, పాత నిబంధనకూ కొత్తదానికీ మధ్య ఆ మాటే వంతెన, రెండు ఒడ్డుల్లో రెండు మాటలు పెడితే వంతెన కూలుతుంది. చర్మవ్యాధి అని ఒక్క మాట అంతటా పెడితే మైల పోతుంది, ఏ ఆయింట్‌మెంటు రాశాడో అని అడగాలనిపిస్తుంది. నాకు తోచినంతలో ‘పొలుసు మైల’ అనేది రెండు సగాలనూ పట్టుకుంటుంది, హఫే లెప్రాస్ అన్న చోట ‘పొలుసంటు’ అనొచ్చు. కొత్తగా వినిపిస్తుంది, నిజమే. కుష్ఠుపొడ కూడా ఒకప్పుడు కొత్తే. అడుగున సూచిక పెడితే సరిపోదా అంటారు. మన దగ్గర బైబిల్ చదివేవాళ్ల కంటే వినేవాళ్లు ఎక్కువ, సూచికను ఎవరూ పైకి చదవరు.

ఒక్కచోట మాత్రం పొలుసు మైల కూడా పనికిరాదు. బేతనియలో యేసు భోజనానికి కూర్చున్న ఇల్లు ‘సీమోను లెప్రోస్’ది. పదిమంది కూర్చుని తింటున్నారు, ఒకామె వచ్చి తలమీద అత్తరు పోసింది. నిజంగా మైలలో ఉన్నవాడి ఇంట్లో అలా పంక్తి సాగదు. అతనికి ఎప్పుడో వచ్చి పోయింది, పేరు మిగిలింది. మాత్రల కోర్సు పూర్తయి, రిజిస్టరులో నయమైందని రాసుకున్నాక కూడా ఊళ్లో పాత పేరుతోనే పిలిపించుకునేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కుంటి మల్లయ్య, గూని రాములు అన్నట్టు అదొక ఆనవాలు పేరు. ‘కుష్ఠరోగియైన సీమోను’ అంటే తెలుగు చదివేవాడికి పంక్తిలో రోగి కనిపిస్తాడు. గ్రీకు విన్నవాడికి వినిపించింది ఇంటాయన పేరు. అక్కడ ‘పొలుసుల సీమోను’ అని రాస్తే సరిపోతుంది.